జోలాపుట్ నీళ్ళ మీద ఒక్క సిలిండరుతో

అరకు రైలు గురించి నేను రాసిన చిన్న టపా చదివి, జోలాపుట్ జలాశయం దాకా వెళ్ళొచ్చా, అక్కడ బోటు దొరుకుతుందా అని కొందరు అడిగారు. వెళ్ళొచ్చు. దారి చెబుతాను. కానీ ఆ దారిన నేను మొదటిసారి వెళ్ళింది కొండలు చూడటానికి కాదు. డెబ్భైల చివర్లో, నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు, విశాఖ హార్బరు దగ్గర ఒక చిన్న వర్క్‌షాపులో మెకానిక్‌గా ఉండేవాణ్ణి. పడవ వెనక చెక్కకు బిగించి, తాడు లాగి స్టార్టు చేసే మోటార్లు బాగుచేయడం నా పని. ఒక రోజు మా ఓనరు పేరున ఒక ఉత్తరం వచ్చింది. జలాశయం ఒడ్డున ఉన్న ఆరోగ్య కేంద్రం నుంచి సుగుణమ్మ అనే నర్సు రాసింది. అవతలి ఒడ్డు ఊళ్ళ నుంచి రోగుల్ని తేవడానికి తమకొక మోటారు బోటు ఉందనీ, అది నడిమధ్యలో ఆగిపోతోందనీ, ఇద్దరు జీపు మెకానిక్కులు చూసినా లాభం లేకపోయిందనీ రాసింది. మూడు నెలల క్రితం ఒక బాలింత ఆ బోటులోనే చనిపోయిందట. చివర్లో ఇలా ఉంది: "బోటు నడిపేవాడు తాగి ఉన్నాడని పై అధికారులు నన్ను రిపోర్టు రాయమంటున్నారు. నాకు మోటార్లు తెలియవు. తెలిసినవాళ్ళు చూసి చెప్పేదాకా నేను రాయను."

మా ఓనరు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి నా చేతిలో పెట్టాడు. ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్లు, అప్పట్లో దొరకడమే కష్టమైన కొత్త కాయిల్ ఒకటి, మోటారు తల మీద తిరిగే ఫ్లైవీల్ చక్రాన్ని ఊడదీసే పుల్లరు ఒక రేకు పెట్టెలో సర్దుకుని మర్నాడు బయలుదేరాను.

కిరండూల్ పాసింజరు విశాఖలో తెల్లవారాక కాస్త సేపటికే కదిలేది. టికెట్టు ఐదు రూపాయల లోపే. ఇప్పుడు వెళ్ళేవాళ్ళు కూడా కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, లోయలన్నీ అటే కనిపిస్తాయి. శృంగవరపుకోట దాటాక రైలు కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. ఒక సొరంగంలోంచి బయటపడేలోపు ఇంకో సొరంగం. అనంతగిరి అడవి, బొర్రా, సిమిలిగుడ దాటి అరకు చేరేసరికి పదకొండు దాటింది. నవంబరు కావడంతో లోయంతా వలిసె పూలతో పసుపుపచ్చగా ఉంది. నేను పెద్దగా చూడలేదు. పెట్టె ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళ మధ్యలో మోటారు ఎందుకు ఆగుతుందో ఆలోచిస్తూ కూర్చున్నాను. స్టేషను బయట సుగుణమ్మ పంపిన జీపు ఉంది. పాడువా మీదుగా మట్టిరోడ్డు. వానాకాలం కోసేసిన గోతుల్లో జీపు నడక వేగంతోనే వెళ్ళింది. జలాశయం ఒడ్డుకు చేరేసరికి మూడున్నర. ఒడ్డున ఉన్న ఆ ఊరి పేరూ, అవతలి ఊరి పేరూ ఇక్కడ రాయడం లేదు. అక్కడి మనుషుల గురించి చెబుతున్నాను కాబట్టి.

సుగుణమ్మది విజయనగరం వైపు. నలభై దాటిన మనిషి. నేను దిగగానే టీ ఇచ్చి, పక్కన కూర్చుని, జరిగింది దాచకుండా చెప్పింది. "ఆ అమ్మాయి పేరు మంగ్లి. కాన్పు అయ్యాక రక్తం ఆగలేదు. కబురొస్తే నేనే బోటు మీద వెళ్ళాను. మంగ్లినీ, పసిగుడ్డునీ, మంగ్లి వాళ్ళ అమ్మనీ ఎక్కించుకుని బయలుదేరాం. మామూలుగా యాభై నిమిషాల ప్రయాణం. సగం దూరంలో మోటారు దగ్గడం మొదలుపెట్టింది. ఎదురు గాలి. ఆగిపోయింది. సుక్రు తాడు లాగాడు, లాగాడు, అరచేతులు చిట్లిపోయాయి. తరవాత తెడ్డు పట్టాడు. మూడు గంటలు పట్టింది తమ్ముడూ. ఒడ్డు కనిపిస్తూనే ఉంది. అప్పటికే పోయింది." నా చేతిలోని ఖాళీ గ్లాసు అందుకుని, "బిడ్డ బతికింది" అంది.

సుక్రు బోటు దగ్గర నిలబడి ఉన్నాడు. నలభై అయిదేళ్ళుంటాయి. అవతలి ఒడ్డు ఊరివాడే. మంగ్లి అతనికి దూరపు బంధువు. మూడు నెలలుగా ఆ ఊరివాళ్ళు ఎవరూ అతని బోటు ఎక్కడం లేదు. కొండ చుట్టూ రోజంతా నడిచి వస్తున్నారు. నేను మోటారు మూత విప్పుతుంటే అతను నా ముఖం చూడకుండా అన్నాడు: "నాను తాగాను బాబూ. అబద్ధం సెప్పను. పొద్దున్న జీలుగు కల్లు తాగాను, అందరూ తాగినట్టే. కబురొచ్చేతలికి దిగిపోయింది. తాగితే నా సెయ్యి వణకాలి గానీ మోటారు ఏటికి ఆగిపోద్ది?"

"ఎప్పుడూ ఒక్కచోటే ఆగుతోందా అన్నా?" అని అడిగాను.

"నడిమినే. ఆడ అడుగున మా పాత ఊరుంది. డ్యాం కట్టినప్పుడు ములిగిపోయింది. ఊరి అమ్మోరి రాయిని ఎవులూ పైకి తీసుకురాలేదు, అందుకే ఆపేత్తంది అంటారు మావోళ్ళు. కాసేపు ఊరుకుంటే మళ్ళీ ఆడద్ది. మళ్ళీ దగ్గుద్ది."

అది రెండు సిలిండర్ల మోటారు. ఒకటి పైన, ఒకటి కింద. మొదట పెట్రోలు చూశాను. ట్యాంకు అడుగున నీళ్ళు చేరాయేమోనని ఒక సీసాలోకి వంపి వెలుగుకు పట్టాను. శుభ్రంగా ఉంది. ఫిల్టరు కూడా శుభ్రమే. ప్లగ్గులు విప్పాను. పై సిలిండరు ప్లగ్గు కాల్చిన ఇటుక రంగులో, పొడిగా ఉంది. కిందిది నల్లగా, నూనెతో తడిసి ఉంది. అంటే కింద పెట్రోలు వెళుతోంది, మండటం లేదు. తప్పు ప్లగ్గుదా, ఆ సిలిండరుదా తేలాలని రెండింటినీ తుడిచి, పైది కిందకీ కిందిది పైకీ మార్చి బిగించాను. ప్లగ్గు రంధ్రానికి బొటనవేలు అడ్డం పెట్టి సుక్రుతో తాడు లాగించాను. రెండు సిలిండర్లూ వేలిని గట్టిగా తన్నాయి, లోపల పిస్టన్లు బాగానే ఉన్నట్టు. ప్లగ్గును మోటారు ఇనుముకు ఆనించి లాగిస్తే రెండు చోట్లా నీలం రంగు నిప్పురవ్వ టక్కుమని పడింది. స్టార్టు చేస్తే ఒడ్డునే హాయిగా ఆడింది. సుక్రు ముఖం మరింత వాడిపోయింది. ముందు వచ్చిన మెకానిక్కుల దగ్గరా ఇలాగే ఆడిందట. వాళ్ళు బాగానే ఉందని చెప్పి వెళ్ళిపోయారు. బాగానే ఉన్న మోటారు ఆగిందంటే ఇక తప్పు నడిపినవాడిదే కదా.

మర్నాడు పొద్దున్న ఏడింటికి, మంచు ఇంకా నీళ్ళ మీద ఉండగానే బయలుదేరాం. మంగ్లి ఎక్కిన రోజు ఉన్నంత బరువు ఉండాలని నాలుగు ఇసుక బస్తాలు వేయించాను. నా చేతి గడియారం విప్పి బోటు పలక మీద పెట్టాను. పది నిమిషాలు, పదిహేను నిమిషాలు, మోటారు శబ్దం ఒకే తీరున ఉంది. ఇరవై నాలుగో నిమిషంలో ఆ శబ్దంలో ఒక్క తడబాటు విన్నాను. తరవాత ఇంకొకటి. బోటు వెనకభాగం వణికింది, వేగం పడిపోయింది. సుక్రు చెయ్యి హ్యాండిల్ మీద బిగుసుకుంది. "అదిగో బాబూ, అమ్మోరు" అన్నాడు మెల్లగా.

మోటారు ఆడుతుండగానే పొడిగుడ్డ చుట్టిన కట్టింగ్ ప్లయరుతో పై ప్లగ్గు తీగ లాగాను. మోటారు ఆగిపోబోయింది. వెంటనే పెట్టేశాను. కింది ప్లగ్గు తీగ లాగాను. ఏ మార్పూ లేదు. అంటే ఆ సిలిండరు అప్పటికే పని మానేసింది. ప్లగ్గులు తారుమారు చేసినా తప్పు కిందే ఉండిపోయింది కాబట్టి ప్లగ్గు నేరం కాదు. మోటారు ఆపి, ఆ వేడి మీదే నిప్పురవ్వ చూశాను. నిన్న నీలంగా పడిన చోట ఇప్పుడు ఎర్రటి పల్చటి రవ్వ ఒకసారి కనిపించింది, తరవాత అదీ లేదు. పది నిమిషాలు కదలకుండా కూర్చున్నాం. చల్లబడ్డాక మళ్ళీ చూస్తే నీలం రవ్వ వచ్చేసింది.

"ఇది అమ్మోరు కాదన్నా. లోపల ఏదో సామాను వేడెక్కితే చచ్చిపోతోంది, చల్లబడితే లేస్తోంది. పాతిక నిమిషాలకు వేడెక్కుతుంది. పాతిక నిమిషాలకు మీ బోటు సరిగ్గా నడిమికి వస్తుంది. ఆ రోజు ఎదురు గాలిలో మిగిలిన ఒక్క సిలిండరు అంత బరువు లాగలేకపోయింది, ఆగకుండా తాడు లాగేసరికి పెట్రోలు నిండి మోటారు మరీ మొండికేసింది."

సుక్రు ఒకసారి నీళ్ళకేసి చూసి, తాడు లాగి బోటు వెనక్కి తిప్పాడు.

ఒడ్డుకు తిరిగొచ్చి ఫ్లైవీల్ ఊడదీశాను. దాని కింద ఒక్కో సిలిండరుకు ఒక్కో కాయిల్, ఒక్కో కండెన్సరు ఉంటాయి. నిప్పురవ్వను పుట్టించేవి అవే. ఏది చెడిందో తేల్చడానికి ఒక్కొక్కటే మార్చి చూడాలి, రెండూ ఒకేసారి మారిస్తే ఏది దొంగో తెలియదు. ముందు కాయిల్స్ తారుమారు చేద్దామని కిందిది విప్పి తిప్పి చూశాను. దాని ఇనుప రేకు మీద ఆకురాయితో గీసిన మూడు చిన్న గీతలు ఉన్నాయి.

అవి నేను గీసిన గీతలు. అప్పట్లో ఈ మోటార్ల సామాను విదేశాల నుంచి రావాలి, నెలల తరబడి దొరికేది కాదు. పాడైపోయిన మోటారులోంచి పనికొచ్చే సామాను తీసి ఇంకో మోటారులో వేసేవాళ్ళం. అలా వేసినప్పుడు గుర్తు కోసం మూడు గీతలు గీయడం నా అలవాటు. మా షాపులో ఇంకెవరూ అలా గీయరు. రెండేళ్ళ క్రితం ఏదో ఆఫీసువాళ్ళు ఇలాంటి మోటారు ఒకటి తెచ్చి, సాయంత్రానికల్లా కావాలని తొందరపెట్టారు. పాత కాయిల్ వేసి, నీళ్ళ డ్రమ్ములో దించి అయిదు నిమిషాలు ఆడించి ఇచ్చేశాను. తరవాత అది చేతులు మారి, వేరే రంగు పూయించుకుని ఈ ఆరోగ్య కేంద్రానికి చేరినట్టుంది. అందుకే మూత చూసి నేను పోల్చుకోలేకపోయాను.

ఆ క్షణంలో నేను కోరుకున్నది ఒకటే, చెడింది కండెన్సరు కావాలని. పై కాయిల్ కిందా, గీతల కాయిల్ పైనా బిగించాను. మళ్ళీ నీళ్ళ మీదకు వెళ్ళాం. ఈసారి నేను గడియారం చూడలేదు, సుక్రే చూశాడు. ఇరవై ఆరు నిమిషాలకు మోటారు దగ్గింది. తీగలు లాగి చూశాను. కింది సిలిండరు బతికే ఉంది. పైది చచ్చిపోయింది. తప్పు కాయిల్‌తో పాటే పైకి వెళ్ళింది. ఇక అనుమానం లేదు.

ఒడ్డుకు వచ్చేసరికి పదిన్నర. సుగుణమ్మ కూడా వచ్చి నిలబడింది. కాయిల్ విప్పి చూస్తే పైపూత మీద వెంట్రుకంత పగులు, ఏళ్ళ నాటి మడ్డి పట్టి నల్లబడి ఉంది. సుక్రు వంగి చూసి అడిగాడు: "ఇది ఎప్పుడు సెడిపోయిందో తెలుస్తాదా బాబూ?"

ఇక్కడ నేను ఊరుకుని ఉండొచ్చు. సామాను చెడిందని చెబితే చాలు, సుక్రు మీద మాట పోతుంది, సుగుణమ్మ రిపోర్టు రాసుకుంటుంది, నేను సాయంత్రం రైలెక్కుతాను. కొన్ని క్షణాలు అదే ఆలోచించాను కూడా. కానీ అడిగింది అతను. మూడు నెలలు ఆ నింద మోసింది అతను.

"ఇది వేసిన రోజునే బాగాలేదు అన్నా. వేడెక్కేదాకా ఆడించి చూసి ఉంటే అప్పుడే తెలిసేది. నేను చూడలేదు. ఇది వేసింది నేనే."

సుగుణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సుక్రు వెళ్ళి నీళ్ళ అంచున గొంతుక్కూర్చున్నాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనిపించింది. చాలాసేపటికి లేచి వచ్చి, "కొత్తది ఎయ్యండి. బేగి ఎయ్యండి. ఏసీసి నాతో రండి. మంగ్లి అమ్మకి మీరే సెప్పాల. నాను సెప్తే నమ్మదు" అన్నాడు.

కొత్త కాయిల్ వేసి, బస్తాలు దించకుండానే అవతలి ఒడ్డుకు బయలుదేరాం. ఆ ప్రయాణమే దానికి పరీక్ష. పాతిక నిమిషాలు దాటాయి. ముప్ఫై. నలభై. ఒక్క దగ్గు లేదు. ఒడ్డు చేరాక కూడా సుక్రు వెంటనే ఆపలేదు, ఇంకో పది నిమిషాలు ఒడ్డు వెంబడి తిప్పాడు.

మంగ్లి తల్లి పేరు బుద్రి. ఇంటి ముందు చోడి, అంటే రాగి, కంకులు ఆరబోస్తూ ఉంది. సుక్రును చూసి తల తిప్పుకుంది. నేను చేతులు కట్టుకుని నిలబడి మొత్తం చెప్పాను. సుక్రు ఒక్కో మాటా వాళ్ళ భాషలోకి మార్చాడు. పక్క ఇళ్ళవాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు. అంతా విని ఆమె ఏదో అడిగింది.

"ఆ ఇనప ముక్క ఏదీ అంటంది" అన్నాడు సుక్రు.

జేబులోంచి తీసి ఇచ్చాను. అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. నాకేసి చూసి తెలుగులోనే అంది: "ఇంతేనా?"

అవునని తలూపాను.

"ఇది బాగుంటే నా గుంట బతికేదా?"

"తెలీదమ్మా. బేగి ఒడ్డు చేరేది. అంతవరకే నాకు తెలుసు."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. కాయిల్ తెచ్చి నా చేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "నీకాడ ఉంచుకో" అంది. తరవాత సుక్రు వైపు తిరిగి వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడింది. సుక్రు తల వంచుకుని విన్నాడు. అతని భుజాలు కదలడం చూసి నేను పక్కకు వచ్చేశాను.

ఒంటిగంటకు మేం తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతుంటే బుద్రి ఒడ్డుకు వచ్చింది. వీపుకు కట్టుకున్న గుడ్డలో మూడు నెలల పసిపాప. దానికి సూది మందు వేయించాలట. బోటు ఎక్కి, నా ఎదురుగా కూర్చుంది. మోటారు సాగుతున్నంతసేపూ దానికేసే చూసింది. నడిమికి వచ్చేసరికి చెయ్యెత్తింది. సుక్రు మోటారు ఆపేశాడు. ఒక్కసారిగా నిశ్శబ్దం. నీళ్ళు పలకల్ని తాకుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. బుద్రి అంచు మీదకు వంగి, ఆ నీళ్ళతో నాలుగు మాటలు మాట్లాడింది. పాపను ముందుకు తిప్పుకుని నీళ్ళకు చూపించింది. ఆమె ఏమందో సుక్రు నాకు చెప్పలేదు, నేను అడగలేదు. తరవాత "నడు" అంది.

సుక్రు తాడు పట్టుకుని ఒక్క క్షణం నాకేసి చూశాడు. లాగాడు. ఒక్క లాగుకే రెండు సిలిండర్లూ అందుకున్నాయి.

సుగుణమ్మ ఆ సాయంత్రమే రిపోర్టు రాసింది. తప్పు మోటారుదనీ, మనిషిది కాదనీ రాసి, కింద నా మాటలుగా నేను చెప్పింది రాసి, నా చేత సంతకం పెట్టించింది. షాపుకు తిరిగొచ్చి చెబితే మా ఓనరు, "అంతా చెప్పి రావాలట్రా?" అని కోప్పడ్డాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు డ్రమ్ము తీయించేసి, బాగుచేసిన ప్రతి మోటారునూ సముద్రం మీద గంటసేపు నడిపాకే ఇవ్వాలని చెప్పాడు. సుక్రు చాలా ఏళ్ళు ఆ బోటు నడిపాడు. తరవాత నేను రెండుసార్లు వెళ్ళాను. వెళ్ళినప్పుడల్లా అతను నన్ను ఎక్కించుకుని అవతలికి తీసుకెళ్ళేవాడు. ఆ రోజు గురించి మేం మళ్ళీ మాట్లాడుకోలేదు.

నేను చెప్పినందువల్ల ఎవరి దుఃఖమైనా తగ్గిందని అనుకోను. మంగ్లి ఇరవై ఏళ్ళ మనిషి. నేను ఇంకో అరగంట ఓపిక పట్టి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తెలియదు, తెలిసే దారీ లేదు. అన్నీ సరిగ్గా ఉన్నట్టు కనిపించే ఆ మొదటి అయిదు నిమిషాలు ఎంత నమ్మించగలవో మాత్రం ఆ నీళ్ళ మీద నేర్చుకున్నాను. మనం చల్లగా ఉన్నప్పుడు చూసి వదిలేసినవి, దూరంగా ఎక్కడో, మనం ఎప్పుడూ చూడని మనుషుల దగ్గర వేడెక్కుతాయి. చేతిపని చేసేవాళ్ళు ఇది చదువుతుంటే ఆ మాట గుర్తుంచుకోమని అడుగుతున్నాను.

జోలాపుట్ వెళ్ళేవాళ్ళకు ఒకే సూచన. అరకులో రాత్రి ఉండి, తెల్లవారుజామున బయలుదేరి, పది గంటల లోపే నీళ్ళు దాటేలా చూసుకోండి. మధ్యాహ్నం రెండు దాటాక కొండల మీంచి గాలి దిగుతుంది. ఒడ్డు నుంచి చూస్తే నీళ్ళు ప్రశాంతంగానే కనిపిస్తాయి. అయినా బోటు నడిపేవాడు ఇప్పుడు వద్దంటే, ఎందుకని వాదించకండి. ఆ పూట ఒడ్డునే కూర్చోండి.